మట్టి పడని గోడ

పెళ్ళయిన ఇరవయ్యో రోజున నేను ఒంటరిగా కొండెక్కాను. అరకు లోయలో ఒక ఊరు, అక్కడ మిషను బడి, ఆ బడికి నేను మేస్టరుని. బి.ఏ. ప్యాసైనవాడికి ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరకదా అని చాలామంది అడిగారు. దొరికేదేనేమో, నేనంత గట్టిగా వెతకలేదు. అంతకు ముందొక వేసవిలో మిషను దొరగారి వెంట ఘాటీ ఎక్కి వెళ్ళినప్పుడు, ఆ లోయలో చొక్కాకు చెమట పట్టదని గమనించాను. ఉద్యోగం ఒప్పుకోవడానికి నా దగ్గరున్న కారణాల్లో అదే బలమైనది.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల నడిమి మాట. విజయనగరంలో రైలు దిగి, శృంగవరపుకోట దాకా ఎడ్లబండి మీద వెళ్ళి, అక్కడినుంచి అనంతగిరి ఘాటీ ఎక్కాలి. ఎన్నాళ్ళు పడుతుందన్నది ఎద్దుల ఇష్టం.

మిషనువాళ్ళు నాకిచ్చిన ఇల్లు పొడుగాటి గది ఒక్కటే. మట్టి గోడలు, గడ్డి కప్పు. ఒక కొసన పొయ్యి, రెండో కొసన మంచం, నడుమ బడి రిజిస్టరు, క్వినైను డబ్బా, హరికేన్ లాంతరు. తలుపు ఉంది గాని పగలు దాన్ని మూయడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. ఎవరైనా వస్తారు, గోడవార గొంతుక్కూచుంటారు, చూస్తారు. అన్నం తింటుంటే చూస్తారు, గడ్డం గీసుకుంటుంటే చూస్తారు. ఏం కావాలని అడిగితే, "ఏటీ లేదు బాబూ, సూత్తన్నాం" అంటారు. మొదటి నెల చాలా ఇబ్బందిగా ఉండేది. మూడో నెలకి, ఎవరూ రాని పూట అన్నం సహించడం మానేసింది.

వానలు వెలిశాక మా మామగారు వచ్చారు. ఆయన విజయనగరం దగ్గర ఒక ఊళ్ళో హెడ్మాస్టరీ చేసి రిటైరయి, అక్కడి చర్చికి పెద్దగా ఉండేవారు. కూతుర్ని కాపరానికి పంపేముందు ఇల్లు చూసుకోవాలని ఆయన కోరిక. రెండో రోజు పొద్దున్నే మోకరించి, కళ్ళు మూసుకుని, కాస్త దీర్ఘంగానే ప్రార్థన చేసుకున్నారు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఏడుగురు కూర్చుని ఉన్నారు. అందులో ఒక ముసలామె ఆయన బట్టతల వైపు చూపిస్తూ పక్కామెకు ఏదో విశదీకరిస్తోంది.

"అల్లుడుగారూ, ఇది ఇల్లా, సంతా?" అన్నారు మామగారు.

"సంత శుక్రవారమండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. "లోపల అడ్డంగా ఒక గోడ పెట్టించండి. అమ్మాయికంటూ ఒక గది ఉండాలి. గోడ లేచిందని ఉత్తరం రాసిన వారానికల్లా నేనే దింపి వెళతాను. గోడ లేకపోతే మాత్రం ఆ మాటే ఎత్తకండి."

ఆయన జ్వరంతో కొండ దిగారు. గోడ లేకపోవడం వల్లే జ్వరం వచ్చిందని ఇంటికి చేరేలోపల తేల్చుకున్నారట.

ఒక్క గోడ. నాలుగు గుంజలు పాతి, వెదురు బద్దలు అల్లి, మట్టి మెత్తడం. వారం రోజుల పని అనుకున్నాను. మళ్ళీ నెలకి ఆమె నా ఇంట్లో ఉంటుంది. ఆ లెక్కలో ఎక్కడా తప్పు కనిపించలేదు.

ఊళ్ళో ఇళ్ళు కట్టే ముసలాయన్ని పిలిచాను. నేను ఆయన్ని తాతా అనేవాణ్ణి, ఆయన నన్ను మేస్ట్రుబాబూ అనేవాడు. వచ్చి, గదిని ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి చూసి, అమావాస్య దాకా ఆగమన్నాడు.

"ఎన్నెల్లో కొట్టిన ఎదురు పురుగు తినేత్తాది బాబూ. సీకటి రోజుల్లోన కొట్టాల."

పది రోజులు ఆగాను. అమావాస్య వచ్చింది, వెదురు వచ్చింది, నల్లమద్ది గుంజలు వచ్చాయి. ఇక మొదలుపెడతాడనుకుంటే, తాత తీరిగ్గా చుట్ట ముట్టించి, "మీ ఆడమనిసి ఎంతుంతాది?" అన్నాడు.

ఆ ఊరి పద్ధతి అది. ఇంటి బయటి గోడలు ఎవరి మూరతో కొలిచినా ఫరవాలేదు. లోపలి గోడ మాత్రం ఆ ఇంటి ఇల్లాలి ఒంటి కొలతతోనే లేవాలి. కింది అడ్డబద్ద ఆమె మోచేతి ఎత్తున, పైది భుజం ఎత్తున, గుమ్మం ఆమె తలమీద బెత్తెడు, అటక ఆమె చెయ్యి చాస్తే అందేచోట. గోడ ఎవరి పక్కన బతకాలో వాళ్ళ కొలత తీసుకోకపోతే ఎలా అన్నది తాత ప్రశ్న. నాకూ సబబుగానే తోచింది.

"ఇదిగో, ఇంత" అని నా భుజం దగ్గర చెయ్యి పెట్టాను.

"పాపిట దాకానా, కొప్పు దాకానా?"

చెయ్యి కొంచెం కిందకు జరిపాను. మళ్ళీ కొంచెం పైకి జరిపాను.

"తలెత్తితేనా, తలొంచితేనా?"

నేను చూసినప్పుడల్లా ఆమె తలొంచుకునే ఉంది. పంతొమ్మిది రోజులూ ఇంటి నిండా చుట్టాలు.

"పోనీ, మోసెయ్యి ఎక్కడికొత్తాది?"

నేను నా మోచెయ్యి చూసుకున్నాను. గోడవార కూర్చున్నవాళ్ళలో ఒకామె జాలిగా, "ఏటి మేస్ట్రుబాబూ, మనువాడినావా, దారిలోన సూసొచ్చినావా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాకు కాస్త ఆలస్యమైంది.

వాళ్ళు వెళ్ళిపోయాక గోడకు ఆనించిన గుంజ పక్కన నిలబడి చాలాసేపు కొలుచుకున్నాను. ఆమె గురించి నాకు తెలిసినవి లేకపోలేదు. చర్చిలో కీర్తన పాడేటప్పుడు అందరికన్నా ఒక్క క్షణం వెనక మొదలుపెట్టి, అందరికన్నా ఒక్క క్షణం వెనక ఆపుతుంది. మజ్జిగ గ్లాసు ఎత్తిపోసుకుంటుంది గాని ఒక్క చుక్క కింద పడదు. నా పుస్తకాలు సర్దుతూ, "ఇవన్నీ చదివారా, కొన్నారా?" అని అడిగింది. ఇన్ని తెలుసు. కాలేజీలో తర్కశాస్త్రం కూడా చదివాను. ఎదురుగా లేని మనిషి మోచెయ్యి ఎక్కడుంటుందో కనుక్కునే సూత్రం అందులో లేదు.

ఉత్తరం రాయడం తప్ప దారి లేదు. అందులోనూ ఒక చిక్కుంది. మామగారింట్లో అల్లుడి ఉత్తరం సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరి మధ్యా పైకి చదువుతారు. ఆ ఇంట్లో అదొక సంప్రదాయం. మా అత్తగారు, బావమరదులు, ఒక్కోసారి పక్కింటివాళ్ళు కూడా వింటారు. అందుచేత నా విరహాన్ని యావత్తూ కుదించి, "కట్టడపు పని నిమిత్తము తమ కుమార్తె యొక్క ఎత్తును, మోచేయి, భుజము, చాచిన చేయి ఎంత ఎత్తున వచ్చునదియు తెలియజేయ ప్రార్థన" అని రాశాను.

జవాబు వెంటనే వచ్చింది. నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. మిగతావాటి ఊసు లేదు. కింద మామగారి సంతకం.

తాతకు చెప్పాను. ఆయన ఆలోచించి, "అడుగంటే ఎవుడి అడుగు?" అన్నాడు.

"దొరల అడుగు తాతా."

"దొర కాలెంతుంతాదో నాకేటి తెల్సు? ఆ దొర వొచ్చి ఈ గదిలోన ఉంతాడేటి?"

మరో రెండు వారాలు గడిచాయి. సంతకి ఉప్పు తెచ్చే షావుకారు బండిలో మా అత్తగారు ఉసిరికాయ పచ్చడి జాడీ పంపించారు. జాడీ మూతికి గుడ్డ కట్టి, దాని చుట్టూ దారం చుట్టి ఉంది. చాకు తీసుకుని ఆ దారాన్ని తెంచబోతున్నాను.

"కొయ్యకు బాబూ" అన్నాడు తాత, గోడవార నుంచి. "పచ్చడికి ఇంత దారమెందుకు?"

నిజమే. జాడీ మూతి బిగించడానికి నాలుగు చుట్లు చాలు. అది పది, పన్నెండు చుట్లు తిరిగి ఉంది. విప్పుతుంటే వేళ్ళకు ముడులు తగిలాయి.

ఉత్తరం పైకి చదివినప్పుడు ఆమె కూడా విన్నదన్నమాట. జాడీకి దారం కట్టే పని ఆమెది కాబోలు. దారాన్ని పైకి చదివే సంప్రదాయం ఆ ఇంట్లో లేదు.

తాత దారం ఒక కొసను బొటనవేలి కింద తొక్కిపట్టి, రెండో కొసను గుంజ వెంబడి పైకి లాగాడు. మొదటి ముడి మోచెయ్యి. రెండోది భుజం. పైన జంట ముడి, అది పాపిట. చిట్టచివర, చాచిన చేతి వేళ్ళ కొసలు. కాని భుజానికీ పాపిటకీ నడుమ చిన్న ముడి ఇంకొకటి ఉంది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత ఆ ముడి ఎత్తుకు వంగి, ఒక కన్ను మూసి, గుంజ అవతలికి చూశాడు.

"కళ్ళు బాబూ ఇయ్యి. ఇక్కడ కన్నమెట్టమంతంది మీ ఆడగుంట."

ఆమెను ఎవరూ చూడకూడదని తండ్రి గోడ పెట్టమన్నారు. వాళ్ళను చూడటానికి ఆమె కన్నం పెట్టమంది. నేను పెళ్ళాడిన మనిషి ఎవరో కొద్దిగా తెలియడం అప్పుడే మొదలైంది.

ఆ జంట ముడి నా భుజానికి నాలుగు వేళ్ళు కిందకు వచ్చింది. ఇన్నాళ్ళూ జ్ఞాపకంలో ఆమెను కాస్త పెంచానన్నమాట.

పని సాగినన్నాళ్ళూ తాత ఆ దారాన్ని దూలానికి వేలాడదీసి, చివర చిన్న రాయి కట్టి ఉంచాడు. గదిలో తిరిగేటప్పుడు నేను దాని పక్కగా కొంచెం ఒదిగి వెళ్ళేవాణ్ణి. ఎవరూ గమనించలేదనుకున్నాను. కొన్నాళ్ళకు గోడవార కూర్చునేవాళ్ళు కూడా ఒదిగి వెళ్ళడం మొదలుపెట్టారు.

పని ఎలా చేస్తారో నాకు తెలియదు గనక, సాయం చేస్తానని పట్టుబట్టాను. గుంజల మొదళ్ళు చెద పట్టకుండా మంటలో నల్లగా కాల్చాం. గోతులు తీశాం. మూడో గుంజను నేనే కాల్చి, నిలబెట్టి, మట్టి కూరి, దిమ్మిస కొట్టి, వెనక్కి జరిగి మెచ్చుకున్నాను.

"బాగానే ఉంది" అన్నాడు తాత. "సెట్టు తలకిందులుగా ఉంది, అంతే."

కొనను మొదలనుకుని కాల్చి, దాన్నే కిందకు పాతానట. అలా పాతితే ఇంట్లోవాళ్ళకు నిద్ర పట్టదట. అంతకుముందు మాత్రం పట్టిందా అని అనబోయి ఊరుకుని, గుంజను పీకి, అసలు మొదలు కాల్చి, తిరగేశాను. నాలుగు గుంజలూ నిలిచాక వెదురు చీల్చి బద్దలు తీశాం. వాటిని నానబెట్టిన అడ్డతీగ నారతో గుంజలకు కట్టాం. నేను కట్టిన ముడులన్నీ తాత మర్నాడు పొద్దున్నే వచ్చి, ఏమీ అనకుండా, విప్పి మళ్ళీ కట్టేవాడు.

పుష్యమాసం చలికి నీళ్ళ కుండ మీద చెయ్యి పెట్టలేని రోజుల్లో గోడ అస్థిపంజరం పూర్తయింది. మోచేతి ఎత్తున ఒక బద్ద, భుజం ఎత్తున ఒక బద్ద, మధ్యలో సన్నటి అల్లిక, కళ్ళ ఎత్తున అరచేయంత నలుచదరపు కన్నం. మంచం మీద పడుకుంటే వెదురు గళ్ళలోంచి అవతల పొయ్యి ముక్కలు ముక్కలుగా కనిపించేది. వచ్చినవాళ్ళు ఇప్పుడు అవతలి పక్కన కూర్చుని గళ్ళలోంచి చూసేవారు. వాకిట్లో ఎర్రమట్టి, గడ్డి, పేడ కలిపి తొక్కి సిద్ధం చేశాం.

"ఇంక మెత్తేద్దాం తాతా" అన్నాను.

"అమ్మ రావాల గదేటి?"

ఈ సంగతి ఆయన అంతకు ముందు చెప్పలేదు. చెప్పనవసరం లేనంత మామూలు సంగతి అనుకున్నాడు. లోపలి గోడకి మొదటి మట్టి ముద్ద ఇల్లాలే వెయ్యాలి. ఆమె చెయ్యి పడ్డాక మిగతాది ఎవరైనా మెత్తొచ్చు.

గోడ లేస్తేనే ఆమె వస్తుంది. ఆమె వస్తేనే గోడ లేస్తుంది. తర్కశాస్త్రం ఇలాంటి చోట్ల బాగా పనిచేస్తుంది, ఎక్కడ ఇరుక్కున్నామో స్పష్టంగా చూపిస్తుంది.

మామగారికి రాశాను. గోడ నూటికి తొంభై పాళ్ళు అయిందనీ, చివరి పని ఆమె చేతుల మీదుగా జరగాలని ఇక్కడివాళ్ళ ఆచారమనీ వివరించాను. ఆయన జవాబు క్లుప్తంగా ఉంది. "మట్టిపనికి నేను పిల్లనివ్వలేదు. గోడ ఆరిన పిమ్మట వ్రాయవలెను."

తాతను బతిమాలాను. "పోనీ, ఊళ్ళో ఇంకో అమ్మ చేత వేయిద్దాం."

"ఏయొచ్చు. అలగైతే ఆ అమ్మే ఆ గదిలోన ఉంతాది. నీకిష్టమేనా?"

గోడవార ఉన్న ముసలామె, ఆలోచించి చెప్పమన్నట్టు నావైపు చూసింది.

"నేను వేస్తే?"

"నువ్వేత్తే నువ్వే ఉంతావు. ఒక్కడివే."

ఇలాంటివి నమ్మకూడదని నా మతమూ, నా చదువూ రెండూ చెప్పాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, ఎవరూ లేని సమయం చూసి, దోసెడు మట్టి తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. మోచేతి ఎత్తు బద్ద ముందు నిలబడ్డాను. మట్టి వేళ్ళ సందుల్లోంచి కారి పంచె మీద పడింది. కాసేపటికి తిరిగివెళ్ళి మిగిలినదాన్ని కుప్పలో వేసి, చేతులు కడుక్కున్నాను. నమ్మకం లేకపోవడం వేరు, తెగించడం వేరు అని ఆ రోజు తెలిసింది.

ఆ తరవాత ఒక అబద్ధం ఆడాను. అది నా జీవితంలో మొదటిది కాదు గాని, అంత పొట్టిది ఇంకొకటి లేదు. "గోడ పూర్తయినది" అని కార్డు మీద రాసి టపా రన్నరు చేతికిచ్చాను. ఆమె వస్తుంది, వచ్చి ముద్ద వేస్తుంది, అప్పుడు అది నిజమవుతుంది. మహా అయితే కాలక్రమంలో చిన్న పొరపాటు.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఆమె రాలేదు. దొరగారి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది.

మామగారికి నా కార్డు చూసి ఎంత సంతోషమైందంటే, ఆయన ప్రయాణం నాలుగు రోజులు ఆపుకుని, దాన్ని జిల్లా సంఘాల సభలో నలుగురికీ చదివి వినిపించారు. తన అల్లుడు మిషను ఇంటిని సంసారయోగ్యం చేశాడని పొగిడారు. దొరగారు విన్నారు. ఇల్లు సంసారయోగ్యమైతే అందులో సంసారం ఉండాలి కదా అని ఆయనకు తోచింది. భార్యా ముగ్గురు పిల్లలూ ఉన్న, వాక్యం చెప్పే ఉపదేశిగారు ఒకరు అద్దెకు ఇల్లు దొరక్క అవస్థపడుతున్నారు. ఆయన్ని అక్కడికి వేశారు. ఒంటరిగా ఉన్న నన్ను విజయనగరం దగ్గర బడికి మార్చారు. గృహాన్ని అభివృద్ధి చేసినందుకు కృతజ్ఞతలు కూడా చెప్పారు.

ఉపదేశిగారి కుటుంబం వచ్చిన రోజున నేనింకా అక్కడే ఉన్నాను. ఆయన భార్య పొడుగాటి మనిషి, నవ్వు ముఖం. గోడ చూడటానికి లోపలికి వెళ్ళి, గుమ్మానికి నుదురు కొట్టుకుంది. "ఎవరికోసం కట్టారండీ, ఇంత చిన్నగా?" అంది.

తాత చాకు తీసి అడ్డనార కట్లు కోయడం మొదలుపెట్టాడు.

"ఉండనీ తాతా. గుంజలు గట్టిగానే ఉన్నాయి కదా" అన్నాను.

"గట్టిగానే ఉన్నాయి బాబూ. ఈయమ్మ మోసెయ్యెక్కడుందో సూడు."

బద్దలు ఒక్కొక్కటే ఊడదీశాడు. గుంజలు నేను కదిపి ఇస్తే ఆయన పీకాడు. కన్నం ఉన్న అల్లిక చివరికి మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. కాసేపు గోడకి ఆనించి ఉంచి, తరవాత కోళ్ళ గూటికి పనికొస్తుందని ముసలామె పట్టుకెళ్ళింది. ఉపదేశిగారి భార్యను నిలబెట్టి తాత అక్కడికక్కడే కొలత తీసుకున్నాడు. నాకు నెల పైగా పట్టిన పని, ఆయన చుట్టలో నాలుగు దమ్ములు అయ్యేలోగా అయిపోయింది.

కొండ దిగాను. మామగారు ఎదురొచ్చి కౌగిలించుకున్నారు. "గోడ కట్టమంటే కట్టారు, దేవుడు కొండ దించాడు" అని అందరితోనూ అన్నారు. నేను కాదనలేదు. నాకు కావలసినది దొరికింది. ఇకనుంచి మేమిద్దరం ఒక ఇంట్లో ఉంటాం. సంతోషించాల్సిన సంగతే, సంతోషించాను కూడా.

ఆమె పెరటి వసారాలో ట్రంకుపెట్టె ముందు కూర్చుని ఉంది. అందులోంచి ఉన్ని శాలువా, గంజాం కంబళి, మందపాటి రవికలు ఒక్కొక్కటే తీసి బయట పెడుతోంది. నేను కార్డు రాసిన వారంలో సర్దిన పెట్టె అది.

"కన్నం పెట్టారా?" అంది, తలెత్తకుండా.

"పెట్టాం."

"అందులోంచి ఏం కనిపించేది?"

"వాకిలి. బడి. ఉత్తరాన కొండ. మంచు పడితే ఏదీ కనిపించదు."

"గోడ ఏ రంగుకి ఆరింది?"

ఆమెతో అబద్ధమాడటం అంత సులువు కాదని తెలిసింది. మట్టి పడలేదన్నాను. మొదటి ముద్ద ఆచారం, తాత మాట, మామగారి జవాబు, నా కార్డు, అన్నీ చెప్పాను. దోసెడు మట్టితో నిలబడ్డ ఆదివారం కూడా చెప్పాను. ఆమె చివరిదాకా విని, చేతిలోని శాలువాను మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

"ఉప్పు బండి ప్రతి సంతకీ వచ్చేది కదండీ" అంది.

"వచ్చేది."

"జాడీ నిండా మట్టి పంపించలేకపోయారా? నేను ముద్ద చేసి, తడిగుడ్డలో కట్టి, తిరిగి పంపేదాన్ని."

 అప్పటికే జాడీ ఖాళీ అయి నెల రోజులైంది. బండి ఖాళీగానే కిందకు దిగేది. షావుకారు నాకు తెలిసినవాడే.

"తాత ఒప్పుకునేవాడు కాదేమో" అన్నాను చివరికి.

"ఒప్పుకునేవాడు" అంది ఆమె, ఆయన్ని చిన్నప్పటినుంచీ ఎరిగినదానిలా.

ఆ తగువు మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు. ఆ తరవాత మేము ఎన్నో ఇళ్ళలో ఉన్నాం. అన్నిటికీ గదులున్నాయి, గోడలన్నీ మేం వెళ్ళేసరికే ఆరి ఉన్నాయి. కొండ ఎక్కడం మాత్రం పడలేదు. ఒక ఏడు జ్వరం, ఒక ఏడు పురుడు, ఒక ఏడు సెలవు దొరకదు. ఎవరైనా అరకు వైపు నుంచి వచ్చారని వింటే ఆమె చేతిలో పని వదిలి వసారాలోకి వస్తుంది. మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుని, "మా ఊళ్ళో చలి ఎలా ఉంది?" అని అడుగుతుంది.